మాహిష్మతిలో ఏ కాలపు మనుషులున్నారు? ‘బాహుబలి’ రెండు భాగాలపై సమీక్ష

ఎస్.ఎస్. రాజమౌళి తీసిన ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలై 10న, రెండో భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. రెండింటినీ వెంటవెంటనే చూస్తే, విడివిడిగా చూసిన రోజుల్లో అంతగా తట్టని ఒక ప్రశ్న బలంగా ఎదురవుతుంది: కత్తులు, రథాలు, సింహాసనాలు ఉన్న ఈ లోకంలో తిరుగుతున్న మనుషులు ఏ కాలం వాళ్ళు? కుంతల రాజకుమార్తె దేవసేన ఈనాటి అమ్మాయిలా మాట్లాడుతుందనీ, ఆ కాలపు రాజకుమార్తె నిండు సభలో కాబోయే అత్తగారిని అలా నిలదీయదనీ ఆక్షేపించేవారు ఉన్నారు. ఆ ఆక్షేపణతో నేను ఏకీభవించను. అయితే కాలానికి పొసగని పోకడ ఈ సినిమాల్లో లేదని కూడా అనను. అది వేరేచోట ఉంది.

పేర్ల దగ్గరా వస్తువుల దగ్గరా తప్పులు పట్టదలచుకుంటే పెద్దగా శ్రమ పడనక్కర్లేదు. ఈ కథ జరిగే రాజ్యం పేరైన మాహిష్మతి పురాణాల్లో కార్తవీర్యార్జునుడి రాజధాని. రాజవంశపు నమ్మినబంటు కట్టప్పకు కత్తి చూపించే ఆయుధ వ్యాపారి పేరేమో అస్లం ఖాన్. కుంతల రాజ్యంపై రాత్రివేళ విరుచుకుపడే పిండారీలు మరాఠాల కాలంలో మధ్య భారతాన్ని దోచుకుతిన్న దళాలు; ఈస్టిండియా కంపెనీ సైన్యం వారిని అణచివేసింది 1817-18లో. బాహుబలి ప్రత్యర్థి భల్లాలదేవుడి రథం ముందు గిరగిర తిరిగే కత్తుల చక్రం సంగతి సరేసరి. ఇవేవీ నాకు అడ్డురాలేదు. ‘అనగనగా ఒక రాజు’ అనగానే ఊ కొట్టిన మనం ఆ రాజుది ఏ శకమని ఎన్నడూ అడగలేదు; జానపద కథకు ఆ స్వేచ్ఛ మొదటినుంచీ ఉంది. కళాదర్శకుడు సాబు సిరిల్ కట్టిన ప్రాకారాలూ, మాహిష్మతిపై దండెత్తే కాలకేయుల కోసం రచయిత మదన్ కార్కీ ప్రత్యేకంగా కల్పించిన కిలికి భాషా ఆ లోకానికి దానిదైన బరువునిచ్చాయి కనుక ఈ పేర్ల కలగలుపు కథలో ఇమిడిపోయింది.

ఇక దేవసేన. రెండో భాగంలో గుడి దగ్గరి సన్నివేశాన్ని జాగ్రత్తగా చూడాలి. ఆడవాళ్ళు వరుసలో నిలబడి ఉంటారు. సేనాపతి సేతుపతి అధికారం చాటున ఒక్కొక్కరినీ తాకుతూ ముందుకు వస్తాడు. వాళ్ళు ముడుచుకుపోతారే తప్ప నోరెత్తరు. దేవసేన వంతు వచ్చేసరికి వాడి వేళ్ళు తెగిపడతాయి. ఆ తర్వాత ఆమెను సంకెళ్ళతో సభలో నిలబెడతారు. జరిగింది విన్న బాహుబలి అదే సభలో సేతుపతి తల నరుకుతాడు. బస్సులోనో జాతరలోనో ఇటువంటి చేతిని భరించిన స్త్రీలు ఈ ఘట్టాన్ని తమదిగా చూస్తారు కాబట్టే ఇది ‘మన కాలపు’ సన్నివేశంలా కనిపిస్తుంది. కానీ నిండు సభలో పెద్దలను ధర్మం అడిగిన స్త్రీ మనకు కొత్త కాదు, ద్రౌపది అడిగింది. వరుణ్ణి ఎంచుకునే హక్కు తనదని దేవసేన అనడం స్వయంవరం ఎరిగిన సంప్రదాయంలో వింతేమీ కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు కూతురు రుద్రమను సింహాసనంపై కూర్చోబెట్టాడు; శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని పేర్కొన్నాయి, మార్కో పోలో ఆమె పాలనను మెచ్చుకున్నాడు. ఆమె కూడా అంబదేవుడి వంటి సామంతుల తిరుగుబాటును ఎదుర్కోవలసి వచ్చింది.

అసలు కీలకం ఈ చివరి విషయంలోనే ఉంది. పాత్ర ఎలా మాట్లాడిందన్న దానికంటే, ఆ మాటకు ఆ లోకం ఎంత మూల్యం వసూలు చేసిందన్నదే నేను చూస్తాను. దేవసేన మాటకు మొదట అంతఃపురం దూరమైంది, తర్వాత భర్త బాహుబలి పోయాడు, ఆపైన ఇరవై అయిదేళ్ళు గొలుసులతో కట్టుబడి, భల్లాలదేవుడి చితి కోసం ఎండుపుల్లలు ఏరుకుంటూ బతకవలసి వచ్చింది. ఆ మాటలు ఆ లోకంలో ఎంత ప్రమాదకరమో కథకుడికి తెలుసు. అనుష్క కూడా ఎక్కడా తల దించకుండా, అలాగని ఎక్కడా తేలిక చేయకుండా నటించింది. రమ్యకృష్ణ ఆమె అత్తగారు, రాజమాత శివగామిగా ఎదురు నిలిచినప్పుడు, ఇద్దరూ తమ తమ ధర్మంలో నిజాయతీగా ఉన్నారని నమ్మబుద్ధి వేస్తుంది.

పట్టాభిషేక ఘట్టంలో మాత్రం మన కాలం స్పష్టంగా తొంగిచూస్తుంది. కిరీటం భల్లాలదేవుడిది, జనఘోష మాత్రం సేనాధిపతిగా ప్రమాణం చేస్తున్న బాహుబలిది. ఏనుగులు, సైనికులు, ప్రజలు కలిసి నేల అదరగొట్టే ఆ దృశ్యంలో ఉన్నది ఎన్నికల సభల్లో మనం చూసే ఉత్సాహమే. జనం మెచ్చినవాడే నాయకుడన్న ఈ భావన వంశపారంపర్య రాజ్యానికి కొంత అరువు తెచ్చుకున్నదే అయినా, సింహాసనం మీద భల్లాలదేవుడిగా కూర్చున్న రానా ముఖంలో అవమానం అణువణువునా కనిపించడం వల్ల సన్నివేశం నిలబడింది.

నాకు నిజంగా బాధ కలిగించింది అవంతిక. దేవసేనను విడిపించాలని ప్రాణాలకు తెగించిన యోధురాలామె. మొదటి భాగం నాయకుడు, బాహుబలి కొడుకు అయిన శివుడు ఆమెకు తెలియకుండా చేతిమీద బొమ్మ గీస్తాడు. ఎదురుపడి పోరాడుతుంటే జుట్టు విప్పి, దుస్తులు మార్చి, కళ్ళకు కాటుక దిద్ది, ఆమెను తనకు నచ్చిన రూపంలోకి తెస్తాడు. ఆమె వెంటనే ప్రేమలో పడుతుంది. ఆమె చేపట్టిన కార్యాన్ని అతను తీసేసుకుంటాడు. రెండో భాగంలో ఆమెకు దాదాపు పనే లేదు. వెంటపడి వేధించి ప్రేమ గెలుచుకునే ఈ నాయకుడు మన వాణిజ్య సినిమాల్లోంచి నేరుగా మాహిష్మతికి నడిచి వచ్చాడు. పిండారీల కంటే, కత్తుల చక్రం కంటే ఆ లోకానికి పొసగనిది ఇదే. దేవసేన విషయంలో అంత శ్రద్ధ చూపిన దర్శకుడు అవంతిక దగ్గర ఎందుకు తొందరపడ్డాడో నాకు అర్థం కాలేదు.

ఈ లోపం వల్లే మొదటి భాగానికి అయిదింట మూడు మార్కులు, రెండో భాగానికి నాలుగున్నర ఇస్తున్నాను. రెండింటికీ యు/ఎ ధ్రువపత్రమే ఉన్నా, కాలకేయ యుద్ధంలోనూ సభలోనూ రక్తపాతం బాగా ఉంది కనుక చిన్నపిల్లలతో చూసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనే ఉండడం మంచిది.