టిన్ను నీళ్లు కాచకుండా పిల్లలకి డబ్బా పాలు కలపకండి

పాలకొల్లు చుట్టుపక్కల పసిపిల్లలున్న అమ్మలూ, దయచేసి ఇది ఒక్కసారి చదవండి. డబ్బులు పెట్టి కొన్న నీళ్లతో పాలు కలిపి పట్టాం, మా బాబుని 2 రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది.

వాడికి అప్పుడు 4 నెలలు. నాకు పాలు చాలక, డాక్టరు గారు చెప్పాకే డబ్బా మొదలుపెట్టాం. మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పన, చుట్టూ రొయ్యల చెరువులు, వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి నీళ్లు కూడా కాస్త రంగు మారతాయి. అందుకని పిల్లాడి కోసమే 20 లీటర్ల టిన్ను వేయించుకున్నాం. టిన్ను తెచ్చే అబ్బాయి గ్లాసులో మీటరు ముంచి చూపించి, "టీడీఎస్ నలభయ్యే ఉందండి, మినరల్ వాటర్ మళ్లీ కాచడం ఎందుకండి, గోరువెచ్చగా చేసి కలిపేసుకోండి" అన్నాడు. నమ్మేశాం.

రెండు వారాలు తిరక్కుండానే ఒక రాత్రి నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి నోరు ఎండిపోయింది, ఏడుస్తున్నాడు కానీ కంట్లో చుక్క లేదు, మాడు దగ్గర గుంట పడింది. ఆ గుంట చూసి నా కాళ్లు ఆడలేదు.

డాక్టరు గారు అడిగిన మొదటి మాట, పాలు ఎలా కలుపుతున్నారమ్మా అని. నీళ్ల వల్లేనని ఆయన తేల్చి చెప్పలేదు, సీసా వల్ల కావచ్చు, పొడి వల్ల కూడా కావచ్చన్నారు. పొడి వల్ల ఏంటండీ అంటే అప్పుడు చెప్పారు, సీలు వేసిన కొత్త డబ్బాలో పొడి కూడా క్రిములు బొత్తిగా లేనిదేం కాదట, అందులో అరుదుగా ఉండే క్రిములు చావాలంటే కలిపే నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి ఉండాలట. మేమేమో గోరువెచ్చటి నీళ్లలో కలిపి పట్టాం. టీడీఎస్ మీటరు చూపించేది నీళ్లలో కరిగిన ఉప్పులు, లవణాల లెక్క మాత్రమే, క్రిములు ఉన్నదీ లేనిదీ అది చెప్పదు. ఈ ముక్క నాకు ముందే తెలిసి ఉంటే!

ఇంటికొచ్చాక ఆ టిన్ను మూతి లోపల వేలు పెట్టి చూశాను, జారుడుగా తగిలింది. డిస్పెన్సర్ కుళాయి ఊడదీస్తే వాషరు చుట్టూ పచ్చటి పాచి. టిన్ను మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు లేదు, నింపిన తేదీ లేదు. ప్లాంటుకి వెళ్లి అడిగితే ఇప్పటిదాకా ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదన్నారు, అంతే.

ఇప్పుడు మేం పంచాయతీ కుళాయి నీళ్లే వడకట్టి, తెర్లుతూ మరిగేదాకా కాస్తున్నాం. బోరు నీళ్లు మాత్రం వాడకండి, ఎంత కాచినా ఉప్పు పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. టిన్ను నీళ్లే దిక్కయితే వాటినీ కాచండి. ఒక లీటరు కాచి దించాక అరగంట లోపు కలిపేస్తే ఆ వేడి సరిపోతుంది. ముందు సీసాలో కొలత నీళ్లు, తర్వాత పొడి, అదీ ఆ డబ్బాలో వచ్చిన చెంచాతోనే తలకొట్టి. డబ్బా త్వరగా అయిపోతుందని మా అత్తయ్య గారు ఒక చెంచా తగ్గించి కలిపేవారు, అలా చేస్తే పిల్లాడికి బలం అందదు. కలిపాక సీసాని చల్లనీళ్ల గిన్నెలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టండి. మిగిలినవి పారబోయండి, ప్రాణం ఒప్పకపోయినా సరే. కలిపిన పాలు బయట 2 గంటలు దాటితే పనికిరావు. రాత్రిళ్లకి ముందే కలిపి పెట్టడం మానేశాం, మరిగిన నీళ్లు ఫ్లాస్కు నిండా పోసి ఉంచుకుని అప్పటికప్పుడు కలుపుతున్నాను. సీసా, పీక రోజూ ఉడికిస్తున్నాం.

బాబు ఇప్పుడు బాగున్నాడు. మొన్న మా వీధి చివర ఇంటి ముందు అవే టిన్నులు దింపుతుంటే చూశాను, ఆ ఇంట్లో 2 నెలల పాప ఉంది. వెళ్లి ఆ డిస్పెన్సర్ కుళాయి ఊడదీయించి చూపించాను. అక్కడా పాచే.