ఒక్క క్రియ, ఒక్క కాగితం: ఆరేళ్లు వాడిన ‘తెనేర్’ పట్టిక

మా ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంది. ప్లాస్టిక్ పూత వేయించినా ఒక మూల నుంచి తడి చేరి పసుపు మరక పడింది. స్పానిష్‌లో ‘తెనేర్’ అనే ఒక్క క్రియకున్న రూపాలన్నీ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో భాష నేర్చుకుంటున్న ఏడాదిలో రాసుకున్నాను. తర్వాత ఉద్యోగరీత్యా మెక్సికోలోని గ్వాదలహారాకు వచ్చినప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇక్కడికి వచ్చి ఐదేళ్లయింది. స్పానిష్ మొదలుపెడుతున్న మనవాళ్లు తరచూ అడుగుతుంటారు: క్రియల పట్టికలు కంఠస్థం చేయాలా, అక్కర్లేదా? ఆరేళ్లు వాడిన మనిషిగా నా జవాబు ఇది.

ముందుగా, పట్టిక ఎక్కడి నుంచి తీసుకున్నానో చెప్తాను. రియల్ అకాదెమియా ఎస్పాన్యోలా 1713లో మాడ్రిడ్‌లో మొదలైన స్పానిష్ భాషా అకాడమీ. దాని నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్రియను వెతికితే అర్థాలతో పాటు రూపాల పట్టిక కూడా వస్తుంది. నేను దాన్ని ప్రింటు తీయకుండా చేత్తో రాసుకున్నాను. ఇందులో ఏదైనా మంచి నిర్ణయం ఉందంటే అదే.

నూరు క్రియలుండగా ‘తెనేర్’ ఒక్కదాన్నే ఎందుకు పట్టుకున్నానంటే, అది లేకుండా పూట గడవదు. ‘కలిగి ఉండు’ అని నిఘంటువు అర్థం చెప్పుకుంటాం కానీ తెలుగులో ఆ మాట ఎవరూ రోజూ వాడరు. నాకు ఆకలిగా ఉంది అనాలంటే ‘తేంగొ ఆంబ్రె’. దాహమైతే ‘తేంగొ సెద్’. వయసు చెప్పాలన్నా ఇదే క్రియ. నేను వెళ్లాలి, పంపాలి, కట్టాలి అనే ప్రతి ‘ఆలి’కీ ‘తేంగొ కె’ కావాలి. పైగా ఇది బాగా వంకర తిరిగిన క్రియ. దీన్ని లొంగదీసుకుంటే ‘మంతెనేర్’, ‘ఒబ్తెనేర్’, ‘దెతెనేర్’, ‘కొంతెనేర్’ లాంటివన్నీ ఇదే దారిలో నడుస్తాయి.

కాగితం మీద స్పానిష్ అక్షరాల పక్కన తెలుగు లిపిలోనూ రాసుకున్నాను. అది ఎంత పనికివస్తుందో అప్పుడు ఊహించలేదు. స్పానిష్‌లో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామో దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. ‘ఆబ్లొ’ అంటే మాట్లాడతాను, ‘అబ్లో’ అంటే అతను మాట్లాడాడు. నొక్కిన చోట దీర్ఘం, మిగతా చోట్ల హ్రస్వం పెట్టుకుంటూ వెళ్తే ఆ తేడా కంటికి కనిపిస్తుంది. మామూలు క్రియల భూతకాలంలో నొక్కు చివర పడుతుంది: ‘అబ్లే’, మాట్లాడాను. తెనేర్‌లో అది మొదటికి వస్తుంది: ‘తూవె’, నాకు ఉండింది; ‘తూవొ’, అతనికి ఉండింది. నేను మొదట్లో ‘తువే’, ‘తువో’ అని చివర లాగేదాన్ని. ఎదుటివాళ్లు అర్థం చేసుకునేవారు కానీ ఒక్క క్షణం ఆగి అర్థం చేసుకునేవారు. కాగితం మీద ఆ రెండు దీర్ఘాలను ఎర్ర సిరాతో దిద్దాక ఆ తప్పు పోయింది.

ఇక పట్టిక సంగతి. ఒకే మాటతో ఏర్పడే సరళ కాలాలు మాత్రమే లెక్కపెట్టినా అరవైకి పైగా గళ్లు ఉంటాయి. వర్తమానం, రెండు రకాల భూతకాలం, భవిష్యత్తు, ‘ఉండేది’ అనే షరతు రూపం, కోరికలకూ సందేహాలకూ వాడే సంభావన రూపాలు, ఆజ్ఞ. మొదటి రెండు నెలలు వీటిని ఎక్కాల్లా వల్లించాను. ‘తేంగొ, త్యేనెస్, త్యేనె, తెనేమొస్, తెనేయిస్, త్యేనెన్.’ పరీక్షకు సరిపోయింది. మాట్లాడేటప్పుడు సరిపోలేదు. ‘వాళ్లకు ఉంది’ అనాలంటే మనసులో ‘నాకు’ దగ్గర మొదలుపెట్టి ఆరో మెట్టు దాకా ఎక్కాలి. అప్పటికి అవతలి మనిషి వేరే విషయంలోకి వెళ్లిపోయేవాడు.

మార్పు వచ్చింది రంగు పెన్సిళ్లతో. ఒక ఆదివారం కూర్చుని మొదటి భాగం, అంటే వేరు, ఒకటేగా ఉన్న గళ్లకు ఒకే రంగు వేశాను. అరవై గళ్లు ఐదు రంగులకు కుదించుకుపోయాయి. ‘తెన్’, ‘త్యేన్’, ‘తేంగ్’, ‘తెంద్ర్’, ‘తువ్’. నేర్చుకోవాల్సినవి ఈ ఐదే. మిగతావి తోకలు, ఆ తోకలు చాలావరకు అన్ని క్రియలకూ ఉమ్మడి.

‘తెన్’, ‘త్యేన్’ల మధ్య తేడా కూడా దీర్ఘమే చెప్పింది. నొక్కు వేరు మీద పడితే అది ‘త్యే’గా విచ్చుకుంటుంది: త్యేనె. నొక్కు తోక మీదకు జరిగితే వేరు అలాగే ఉంటుంది: తెనేమొస్. అర్జెంటీనాలో ‘నీకు’ అనడానికి వాడే రూపం ‘తెనేస్’. అకాడమీ పట్టికలో అది ‘త్యేనెస్’ పక్కనే ఉంటుంది. అక్కడ నొక్కు చివరికి జరిగింది కాబట్టి ‘త్యే’ రాలేదు. విడి ఊరి మాటలా కనిపించినది కూడా అదే సూత్రానికి కట్టుబడి ఉందని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. ‘తేంగొ’ మాత్రం ఈ సూత్రానికి లొంగదు. దాన్ని ఊరికే గుర్తుపెట్టుకోవాలి. పెట్టుకుంటే ప్రతిఫలం ఉంది: సంభావన వర్తమానం మొత్తం దాని నుంచే పుడుతుంది. తేంగ, తేంగస్, తేంగ, తెంగామొస్.

భవిష్యత్తులో ‘తెంద్రే’ అని మధ్యలో ‘ద’ ఎందుకు వచ్చిందో చాలాకాలం అంతుబట్టలేదు. ‘తెనెర్’ మధ్యలోని అచ్చు జారిపోయి ‘న’, ‘ర’ పక్కపక్కన పడ్డాయి. ‘తెన్‌రే’ అని వేగంగా నాలుగుసార్లు అని చూడండి. నాలుక ‘న’ నుంచి ‘ర’కు వెళ్లే దారిలో ‘ద’ దానంతట అదే పలుకుతుంది. పాత తెలుగు పుస్తకాల్లో పన్నెండును ‘పండ్రెండు’ అని రాసిన చోట ‘ర’ ముందు ‘డ’ కనిపిస్తుంది కదా, నాకు వెంటనే అది గుర్తొచ్చింది. ‘వెనీర్’ (రావడం)కు వెంద్రే, ‘పొనేర్’ (పెట్టడం)కు పొంద్రే, ‘సలీర్’ (బయటికి వెళ్లడం)కు సల్ద్రే. ఒక్క ‘ద’ అర్థమైతే నాలుగు క్రియలు ఒకేసారి చేతికి వచ్చాయి.

‘తువ్’ అన్నిటికన్నా విలువైన వేరు. ‘ఎస్తార్’ (ఉండటం)కు ఎస్తూవె, ‘అందార్’ (నడవడం)కు అందూవె దీని తోబుట్టువులు. ‘అందార్’ దగ్గర స్పానిష్ ఇంటిభాషగా ఉన్నవాళ్లు కూడా తడబడి ‘అందే’ అనేస్తారు, కాబట్టి కొత్తవాళ్లు కంగారు పడనక్కర్లేదు. ‘వాళ్లకు ఉండింది’ అనే ‘తువ్యేరొన్’ తీసుకుని చివరి ‘రొన్’ తీసేసి ‘ర’ పెడితే ‘తువ్యేర’ వస్తుంది: ఉంటే. ‘సి తువ్యేర దినేరొ, లొ కొంప్రరీఅ.’ డబ్బుంటే కొనేదాన్ని. ఈ సూత్రానికి ఏ క్రియలోనూ మినహాయింపు లేదు. ఇంత వంకర భాషలో ఇంత తిన్నని దారి ఒకటి ఉందని తరగతిలో మొదటి నెలలోనే చెప్పాలి. నాకు ఎనిమిదో నెలలో చెప్పారు.

ఇంతవరకు పట్టిక గొప్పతనం. దానితో జరగని పని ఒకటుంది. అది నాకు ఒక ఈమెయిలు వల్ల తెలిసింది.

ఇక్కడ చేరిన మూడో నెల. రాత్రి సర్వర్ మొరాయిస్తే రీస్టార్టు చేశాను. ఉదయం బృందానికి రాశాను: ‘తెనీఅ కె రెఇనిస్యార్ ఎల్ సెర్విదోర్.’ రీస్టార్టు చేయాల్సి వచ్చింది అన్నది నా ఉద్దేశం. పది నిమిషాల్లో పై అధికారి నుంచి జవాబు: ‘ఇ పొర్ కే నొ లొ ఇసీస్తె?’ మరి ఎందుకు చేయలేదు? నాకు ఏమీ అర్థం కాలేదు. బీరువా తెరిచి కాగితం చూశాను. ‘తెనీఅ’ తప్పు రూపం కాదు, గడి సరైనదే. పక్క గడిలో ‘తూవె’ ఉంది, అదీ భూతకాలమే. రెంటిలో ఏది ఎప్పుడు వాడాలో కాగితం చెప్పదు.

ఆఫీసుకు వెళ్లాక పక్క సీటులోని సహోద్యోగి ఇంగ్లిషులో వివరించాడు. ఒకటి పూర్తయిన పని, మరొకటి సాగుతూ ఉన్న స్థితి అన్నాడు. తలూపాను కానీ మనసుకు ఎక్కలేదు. సాయంత్రం బస్సులో తెలుగులో అనుకుని చూశాను. ‘తూవె కె’ అంటే చేయాల్సి వచ్చింది. చేశాను, అయిపోయింది. ‘తెనీఅ కె’ అంటే చేయాల్సి ఉండింది. చేశానో లేదో ఆ మాట చెప్పదు. మన ‘వచ్చింది’, ‘ఉండింది’ ఆ రెండు గళ్లనూ అచ్చంగా విడదీస్తున్నాయి. ఇంగ్లిషులో రెండూ ఒకే రూపంలో కలిసిపోతాయి. నేను మధ్యలో ఇంగ్లిషును పెట్టుకుని స్పానిష్ చేరాలనుకోవడం వల్లే దారి తప్పాను.

ఆ తర్వాత వెతికిన కొద్దీ దొరికాయి. ‘తూవొ ఉన్ ఇహొ’, ఆమెకు కొడుకు పుట్టాడు. ‘తెనీఅ ఉన్ ఇహొ’, ఆమెకు కొడుకు ఉండేవాడు. ‘సబేర్’ క్రియలో ‘సూపె’ అంటే నాకు తెలిసింది, ‘సబీఅ’ అంటే నాకు అప్పటికే తెలుసు. వీటి గురించి పుస్తకాల్లో పేజీలకొద్దీ వివరణలు చదివాను. తెలుగు వాక్యం ఒక్కటి పక్కన రాసుకుంటే సరిపోయేది. ఇప్పుడు నా కాగితం మీద ప్రతి కాలం పక్కన ఒక తెలుగు వాక్యం ఉంది.

క్రియ చివరే మనిషిని చెప్పడం కూడా మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. స్పానిష్‌లో ‘వీనె’ అంతే. ఆ సహోద్యోగి ఒకసారి తెలుగు క్రియలు ఎలా ఉంటాయని అడిగితే వచ్చాను, వస్తాను, రాను, రండి అని వరసగా రాసి ఇచ్చాను. ఇవన్నీ ఒకే క్రియేనా అని కాసేపు కాగితం వంకే చూశాడు. ఇంత మారే క్రియను నాలుగేళ్ల వయసుకే నోట పట్టినవాళ్లం మనం, స్పానిష్ క్రియకు భయపడాల్సిన అవసరం లేదని ఆ రోజు అతనికి చెప్తూ నాకూ చెప్పుకున్నాను.

సంభావన రూపాలు మాత్రం కాగితం మీద కాదు, వీధి చివర కిరాణా కొట్టులో వచ్చాయి. ఆ కొట్టు పెద్దావిడ చిల్లర చేతిలో పెట్టి ప్రతి ఒక్కరితో ‘కె తేంగ బొనీతొ దీఅ’ అంటుంది. మీకు ఈ రోజు చక్కగా గడవాలి అని. వందసార్లు విన్నాక ఒకరోజు ‘తేంగ’ అనే గడి కళ్ల ముందు వెలిగింది. మన దీవెనల్లో ‘గాక’ చేసే పని ఇక్కడ ఆ ‘అ’ చేస్తోంది. దాని తర్వాత ‘క్వాందొ తేంగ త్యేంపొ’, తీరిక దొరికినప్పుడు, అని వెతుక్కోకుండా అనగలిగాను.

కొట్టేసినవి కూడా చెప్పాలి. ‘మీకందరికీ’ అనే ‘తెనేయిస్’ వరస స్పెయిన్‌లో రోజూ వాడతారు, మెక్సికోలో వాడరు. ఇక్కడ ‘త్యేనెన్’ చాలు. స్పెయిన్ వెళ్లేవాళ్లు మాత్రం ఆ వరసను తప్పకుండా నేర్చుకోవాలి. ఇవాళ జరిగినదానికి మాడ్రిడ్‌లో ‘ఎ తెనీదొ’ అంటారు, ఇక్కడ ‘తూవె’ అనేస్తారు. భవిష్యత్ సంభావన ‘తువ్యేరె’ను చట్టాల్లో, ఒప్పంద పత్రాల్లో తప్ప చూడలేదు. పట్టికలో మాత్రం దానికీ ‘తేంగొ’కూ ఒకే కొలత గడి ఉంటుంది. కొత్తవాళ్లను అలసిపోయేలా చేసేది ఈ సమానత్వమే. దేన్ని ముందు నేర్చుకోవాలో పట్టిక చెప్పదు.

ఫోనులో క్రియల అభ్యాసం చేయించే యాప్‌లు రెండు వాడాను. వేగం పెరిగింది, మాట పెరగలేదు. క్రియల పుస్తకాలు కొనడం గురించి అడిగితే, మొదటి ఏడాది వద్దంటాను. అకాడమీ పట్టిక చూసి ఒక్క క్రియను చేత్తో రాయండి, దీర్ఘాలు పెట్టండి, రంగులు వేయండి, పక్కన తెలుగు వాక్యాలు చేర్చండి. తర్వాత ‘అసేర్’ (చేయడం), ‘దెసీర్’ (చెప్పడం), ‘పొనేర్’. ‘ఇర్’ (వెళ్లడం), ‘సేర్’ (అయి ఉండటం) రెండింటికీ భూతకాలం ఒకటే, ‘ఫ్వీ’, ‘ఫ్వే’. అది రెండో నెలకు వాయిదా వేసుకోవచ్చు.

‘తెనేర్’ కాగితం చూడాల్సిన పని ఇప్పుడు పడటం లేదు. బీరువా మీద దాని పక్కన ఈ నెలలో ‘కబేర్’ చేరింది. పట్టడం, ఇమడటం అని అర్థం. కేపొ, కాబెస్, కాబె, కూపె, కబ్రే. మొన్న సాయంత్రం కిక్కిరిసిన బస్సు మెట్ల మీద ఒక పెద్దావిడ రెండు సంచులతో నిలబడి ‘యా నొ కేపొ’ అంది, ఇక నేను పట్టను అని. నేను కాస్త లోపలికి జరిగి ‘సీ కాబె, సెన్యోరా’ అన్నాను. ఆవిడ ఒక సంచి నా చేతికి ఇచ్చి ఎక్కింది.