"టైమింగ్ బెల్టు మార్చేశాం సార్" అన్నారా? బిల్లులో ఇంకేమున్నాయో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి

పాత డీజిల్ బండి కొనే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. పోయినేడు విజయవాడలో ఒక బ్రోకర్ దగ్గర 2014 మోడల్ డీజిల్ కారు తీసుకున్నాను, మీటర్‌లో 96 వేలు. టైమింగ్ బెల్టు (ఇంజన్‌లో పిస్టన్లకీ వాల్వులకీ లయ తప్పకుండా చూసే పళ్ల రబ్బరు బెల్టు) సంగతి అడిగితే "ఆర్నెల్ల కిందటే మార్పించారు సార్, ఇప్పట్లో చూడక్కర్లేదు" అని బిల్లు కూడా చూపించాడు. బిల్లు దొంగది కాదు, అక్కడే నేను బోల్తా పడ్డాను. అందులో ఉన్నది బెల్టు ఒక్కటే.

మా మెకానిక్ ఆ బిల్లు చూసి "టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు ఏవి? పాతవే ఉంచేసినట్టున్నారు, మార్చేద్దాం" అన్నాడు. టెన్షనర్, ఐడ్లర్ అంటే బెల్టుని బిగువుగా, దారి తప్పకుండా ఉంచే చక్రాలు, నా బండిలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది. కిట్టు, పంపు, లేబర్ కలిపి 15 వేలు చెప్పాడు. కొత్త బెల్టు ఉండగా మళ్లీ ఎందుకు, ఇతను పని కల్పించుకుంటున్నాడులే అనుకుని వదిలేశాను. (ఇప్పుడు అతని మొహం చూడాలంటే సిగ్గేస్తోంది.)

నాలుగు నెలలకి హైదరాబాద్ వెళ్తుంటే, సూర్యాపేట దాటాక బోనెట్ లోంచి కీచుమని శబ్దం, కాసేపటికే ఇంజన్ టక్కున ఆగిపోయింది. స్టీరింగ్ బరువెక్కి, బ్రేకు గట్టిపడి, వెనక లారీ హారన్ కొడుతుంటే బండి పక్కకి తీసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కంగారులో మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టాను. ఎప్పటికన్నా తేలిగ్గా గిర్రున తిరుగుతోందే తప్ప స్టార్ట్ కాదు. అలా తిరిగిందంటే బెల్టు మీద అనుమానపడి తాళం తీసేయాలట. ఈ రకం ఇంజన్లలో బెల్టు పోగానే వాల్వులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, పిస్టన్లు పైకొచ్చి వాటిని గుద్దేస్తాయి.

విప్పి చూస్తే బెల్టు కొత్తదే, పళ్లు మాత్రం గీరుకుపోయాయి. పాత వాటర్ పంపు బేరింగ్ పట్టేసిందట. హెడ్ దించారు, వాల్వులు వంగాయి, లేత్ పని, గాస్కెట్, క్రేను అన్నీ కలిపి 71 వేలు, బండి 19 రోజులు షెడ్డులో. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "బెల్టు మార్చామనే కదా సార్ చెప్పాం" అన్నాడు. నిజమే మరి, అబద్ధం ఆడలేదు!

అన్ని కార్లకీ ఈ గొడవ లేదు. పాత స్విఫ్ట్ 1.3 డీజిల్‌కి బెల్టు బదులు చైన్, ఇన్నోవా 2.5 డీజిల్‌కి బెల్టు. ఐ10లో అయితే 1.1కి బెల్టు, 1.2 కప్పాకి చైన్, అందుకే కారు పేరు కాదు, ఇంజన్ ఏదో కనుక్కోండి. బెల్టయితే కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కే, రబ్బరు కదా, నిలబెట్టిన బండిలోనూ పాడవుతుంది. పదేళ్ల బండి 40 వేలే తిరిగిందని మురిసిపోకండి (ఆ మీటర్ ఎవరైనా వెనక్కి తిప్పారేమో కూడా). పై కవర్ తీసి చూస్తే పగుళ్లో ఆయిల్ తడో ఉంటే మార్చాల్సిందే, బాగుందనిపించినా మాత్రం ధీమా వద్దు, నాదీ బాగానే కనిపించింది.

బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, ఆ బెల్టు మీదే తిరిగే పంపయితే పంపు, ఇవన్నీ బిల్లులో లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. కుదరదంటే ఇంకో బండి చూసుకోండి.