చెట్టు కొట్టం అన్నవాళ్లకి నాలుగు స్టార్లు

టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మేం ఇల్లు కొని ఆరేళ్లయింది. పెరట్లో ఉన్న లైవ్ ఓక్ చెట్టు ఆ ఇంటికన్నా పాతది. ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టి నెలపాటు ఆకులు రాలుస్తుంది, ఆ వెనకే పూత పొడి. గటర్లు కడిగే పని మా ఆయనది, విసుక్కునే పని నాది. ఈ ఏడాది ఒక కొమ్మ గాలి వీచినప్పుడల్లా పైకప్పు షింగిల్స్‌కి రాసుకుని గరగరమనడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు నిద్ర లేదు. చెట్టే తీయించేద్దాం అనుకున్నాం.

మొదట వచ్చినాయన చెట్టు కింద రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. పద్నాలుగు వందల డాలర్లు, క్యాష్, శనివారం మధ్యాహ్నానికి మొద్దు కూడా మిగలదన్నాడు. పర్మిట్ సంగతి అడిగితే నవ్వాడు. గుంటూరు నుంచి వచ్చి మాతో ఉంటున్న మా మావయ్యగారిదీ అదే మాట. "మన పెరడు, మన చెట్టు. మధ్యలో ఊరికేం పనమ్మా?" మన దగ్గరా చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది కదండీ అంటే, "ఉందిలే, ఎవరు చూడొచ్చారు" అని ఫోన్‌లో తల దూర్చారు.

నాకు టెన్షన్‌గా ఉండి రెండో కంపెనీని పిలిచాను. ఈ రివ్యూ వాళ్ల గురించే.

వచ్చింది ఐఎస్ఏ అనే అంతర్జాతీయ చెట్ల నిపుణుల సంఘం సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్, అంటే చెట్ల నిపుణురాలు, ముప్ఫై ఏళ్లుంటాయేమో. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను చుట్టూ టేప్ తిప్పింది. చుట్టూ తిప్పినా అంకె మాత్రం నేరుగా వ్యాసమే చూపించే టేప్ అది. 26 అంగుళాలు. "తీయం" అంది. ఆస్టిన్‌లో 19 అంగుళాలకి చేరితే ఏ చెట్టైనా ప్రొటెక్టెడ్, అంటే పర్మిట్ లేకుండా తీయకూడదు. ఓక్, పీకన్, సీడర్ ఎల్మ్ లాంటివి 24కి చేరితే హెరిటేజ్, రూలు ఇంకా గట్టిది. ఈ హెరిటేజ్ రూలు 2010 నుంచీ ఉంది. ఎండిపోయిందనో, రోగం ముదిరిందనో, ఇంటి మీద పడేలా ఉందనో చూపిస్తే వేరే సంగతి. ఆకులు ఊడ్వలేకపోతున్నాం అన్నది కారణం కాదు. కొమ్మలైనా సరే, గుబురులో నాలుగో వంతు మించి కొట్టాలంటే పర్మిట్ కావాలి.

నిజం చెప్పాలంటే ఒళ్లు మండింది. ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేది మేం, నీడ మీద పెత్తనం ఊరిదా! ఈ మంట నా ఒక్కదానిదే కాదు. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్‌కి కూడా ఆస్టిన్‌లోని తన ఇంటి పీకన్ చెట్ల దగ్గర సిటీతో పేచీ వచ్చింది. 2017లో ఆయన పిలిచిన శాసనసభ ప్రత్యేక సమావేశాల 20 అంశాల్లో ఈ చెట్ల రూల్సూ ఒకటి. చివరికి వచ్చిన చట్టం ఊళ్ల రూల్సుని ఎత్తేయలేదు, చెట్టు తీసినందుకు కట్టే ఫీజుని మొక్కలు నాటి తగ్గించుకోవచ్చంది, అంతే.

ఆ అమ్మాయి మాత్రం నా ఉపన్యాసం అంతా విని, షింగిల్స్‌కి తగులుతున్న కొమ్మ ఒక్కటీ ఆరోజే కోసి, కోసిన చోట నిమిషం ఆగకుండా పెయింట్ పూసింది. మిగతాది జూలైలో చేస్తామంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్‌ని కొయ్యకూడదట. పచ్చి గాయం మీద వాలే చిన్న పురుగులు ఓక్ విల్ట్ అనే తెగులు మోసుకొస్తాయి. ఒక చెట్టుకి పట్టుకుంటే భూమిలో కలిసిపోయిన వేళ్ల గుండా పక్కింటి చెట్టుకీ పాకుతుంది. ఆ ముక్క విన్నాక నా కోపం సగం దిగింది, పక్కింటావిడ పెరట్లో మూడు ఓక్‌లు ఉన్నాయి మరి.

జూలై రెండో వారంలో మనుషులొచ్చారు. మొత్తం 650 డాలర్లు. కప్పు మీదికి వచ్చినవీ ఎండినవీ మాత్రమే తీశారు. పని అయ్యాక చూస్తే ఏం కొట్టారో తెలియలేదు, చప్పుడు మాత్రం లేదు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, గంటన్నర ఆలస్యంగా వచ్చారు. పైగా తాడుతో దించుతున్న కొమ్మ జారి నా కరివేపాకు కుండీ మీద పడింది. నాలుగేళ్లుగా ప్రతి చలికాలం ఇంట్లో పెట్టి కాపాడుకున్న మొక్క, మొదలంటా విరిగింది. సారీ చెప్పి బిల్లులో 40 డాలర్లు తగ్గించారు. మావయ్యగారు విరిగిన రెమ్మలన్నీ ఏరి పళ్లెంలో పెట్టి, "దీనికి ఏ పర్మిట్టూ లేదు కాబోలు" అన్నారు.