గెల్డాఫ్ దారా, బోనో దారా?
మా తిరుపతి కుర్ర బ్యాండ్లలో సింగర్ సేవకని పోతే మిగతావాళ్లు అలగడం మామూలే. పెద్దోళ్లకూ తప్పలేదు.

1985 జులై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లైవ్ ఎయిడ్ అనే పెద్ద కచేరీ నడిపిన ఐర్లండ్ సింగర్ బాబ్ గెల్డాఫ్ ఆ సాయంలో తలమునకలయ్యాడు. మరుసటి ఏడే ఆయన బ్యాండ్ బూమ్‌టౌన్ ర్యాట్స్ విడిపోయింది. కారణం అదొక్కటే అనను.

యూటూ బ్యాండ్ సింగర్ బోనో అదే కచేరీలో పాట మధ్యలో స్టేజీ దిగిపోయి, జనంలో ఓ అమ్మాయితో డాన్స్ చేశాడు. పైన బ్యాండ్‌లో మిగతా ముగ్గురూ వాయిస్తూనే ఉన్నారు. మూడో పాటకు టైమే మిగల్లేదు. వాళ్లకు ఒళ్లు మండింది! అయినా యూటూ నిలిచింది. బోనో పేద దేశాల అప్పుల మాఫీ కోసం తిరుగుతూనే ఆల్బమ్‌లూ చేశాడు.

2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు మునిగినప్పుడైతే గెల్డాఫ్ దూకుడే కరెక్టు, రిహార్సల్ గిహార్సల్ తర్వాత. ఏళ్ల తరబడి సాగే పనికి మాత్రం నా ఓటు బోనోకేనప్పా. పాట ఆగిపోయిన గాయకుడికి ఏ మంత్రి అపాయింట్‌మెంట్ ఇస్తాడు?