పిల్లల భద్రత ట్రైనింగ్: మూడు ఎండాకాలాల తర్వాత నా రివ్యూ

జడ్చర్ల దగ్గర మా ఊళ్లో ఎండాకాలం సెలవుల్లో కబడ్డీ, ఖోఖో క్యాంపు నడుపుతాం. పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరూ చైల్డ్ సేఫ్టీ ట్రైనింగ్ తీసుకోవాల్సిందే అని మాకు డబ్బులిచ్చే సంస్థ పట్టుబట్టడంతో పాలమూరులో రెండు రోజులు కూర్చుని వచ్చాను. నిజం చెప్పాలంటే సర్టిఫికెట్ కోసమే పోయాను.

ముందు నచ్చనివి. స్లైడ్లన్నీ ఇంగ్లీషు, ఉదాహరణలన్నీ స్విమ్మింగ్ పూల్, లాకర్ రూం. మా పిల్లలు బట్టలు మార్చుకునేది బడి వెనక గోడ చాటున. ఏదైనా తేడాగా ఉంటే తల్లిదండ్రులతో మాట్లాడండి అని ఇంకో స్లైడు. అమ్మానాన్నలు ముంబైకో పుణెకో పనికి పోతే నానమ్మ దగ్గరే పెరిగే పిల్లలు ఇక్కడ ఎంతమందో ఆ స్లైడు చేసినాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. చివర్లో క్విజ్, పక్కవాడిది చూసి టిక్కు పెట్టినా పాసే.

కానీ పట్టు నేర్పేముందు "చెయ్యి పట్టుకుని చూపించనా?" అని అడగమన్నారు చూడండి, అది మాత్రం పనిచేసింది. మొదట్లో నాకే నవ్వొచ్చేది, కబడ్డీలో ముట్టుకోకుండా ఏం నేర్పుతాం అని. వారం తిరిగేసరికి ఇద్దరు ముగ్గురు "వద్దు సార్, చూసి నేర్చుకుంటా" అన్నారు. ఇన్నాళ్లూ వద్దనే వీలు లేకే ఊరుకున్నారన్నమాట. బైకు మీద ఒక్క పిల్లనో పిల్లవాడినో ఎక్కించుకుని దింపడం, విడిగా మెసేజులు పెట్టడం అప్పటి నుంచే బంద్.

పోక్సో చట్టం గురించి కూడా అక్కడే సరిగ్గా తెలిసింది. 2012 నాటి చట్టం, 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే చెప్పనివాళ్లకూ 6 నెలల దాకా జైలు పడొచ్చు. తన కింద పనిచేసేవాడి సంగతి దాచిపెట్టిన సంస్థ పెద్దకైతే ఏడాది దాకా. పరువు పోతుంది, మనలో మనం తేల్చుకుందాం అనే మన ఊళ్లలో ఇది గట్టిగా చెప్పాల్సిన మాట, అక్కడ పది నిమిషాల్లో దాటేశారు.

రెండో ఏడు ఒక సాయంత్రం ఆట అయిపోయినా ఒక పిల్లవాడు ఇంటికి కదలడు. ఖోఖో స్తంభానికి తాడు చుడతాడు, విప్పుతాడు. చివరికి "ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యి సార్" అన్నాడు. ట్రైనింగ్ లేకుంటే వేసేవాణ్నే. "ఒట్టెయ్యను బిడ్డా, నీకు సాయం చేసేటోళ్లకు చెప్పాల్సి వస్తది" అన్నాను. చాలాసేపు నోరు విప్పలేదు, అయిపోయింది ఇక చెప్పడు అనుకున్నాను. అప్పుడు చొక్కా ఎత్తి వీపు చూపించాడు, బెల్టు వాతలు. గుచ్చి గుచ్చి అడగకుండా వాడన్న మాటలు వాడన్నట్టే నోటుబుక్కులో రాసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. ఆ తర్వాత "ఇంటి గుట్టు బజారుకెక్కించినవ్" అని నెల రోజులు కొందరు నాతో మాట్లాడలేదు, ఆ టెన్షన్ ఎలా తట్టుకోవాలో ఏ స్లైడులోనూ లేదు.

ఈసారి ఇద్దరు కొత్త వాలంటీర్లను పంపుతున్నాను. స్లైడ్లు తెలుగులోకి వచ్చాయా అని అడిగితే ఇంకా రాలేదట.