చిన్న నగరం ఎదగాలంటే గ్రీన్‌విల్ దారి మేలా, కార్మెల్ దారి మేలా?

అమెరికాలో చిన్న నగరాలు తిరిగి లేచి నిలబడటం గురించి మాట్లాడేవారి నోట రెండు పేర్లు తరచుగా వస్తుంటాయి. ఒకటి దక్షిణ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్‌విల్, రెండోది ఇండియానాలో ఇండియానాపొలిస్‌ను ఆనుకుని ఉత్తరాన ఉన్న కార్మెల్. రెండు చోట్లా ఇప్పటి కథ 1995 ఎన్నికలతోనే మొదలైంది. గ్రీన్‌విల్‌లో ఆ ఏడాది మేయరైన నాక్స్ వైట్ ఆ తర్వాత వరసగా గెలుస్తూ వచ్చారు. కార్మెల్‌లో 1996 జనవరిలో పదవి చేపట్టిన జిమ్ బ్రెయినార్డ్ ఏడు దఫాలు పూర్తి చేసి 2023 చివరన దిగిపోయారు. ఇద్దరూ న్యాయవాదులే, ఇద్దరూ రిపబ్లికన్ పార్టీవారే. అయినా నగరాన్ని పెంచడానికి వారు పట్టిన దారులు ఎంత వేరుగా ఉన్నాయంటే, ఒకరి పద్ధతిని మెచ్చుకున్నవారు రెండోదాన్ని అదే నోటితో మెచ్చుకోవడం కష్టం.

తేడా మొదట అధికారంలో ఉంది. కార్మెల్‌లో మేయరే పాలనాధిపతి. శాఖాధిపతులను ఆయనే నియమిస్తారు, బడ్జెట్‌ను ఆయనే తయారు చేయిస్తారు, కౌన్సిల్ దాన్ని ఆమోదించడమో తిప్పికొట్టడమో చేస్తుంది. గ్రీన్‌విల్‌లో మేయర్ ఏడుగురు సభ్యుల కౌన్సిల్‌లో ఒకరు మాత్రమే, ఆయన చేతిలో ఉన్నది ఒక్క ఓటు. రోజువారీ పాలన కౌన్సిల్ నియమించుకున్న సిటీ మేనేజర్ చూస్తారు. అంటే బ్రెయినార్డ్ ఆదేశించగలిగిన పనికి వైట్ ఒప్పించాల్సి వచ్చేది. ఈ ఒక్క తేడా నుంచే మిగతా తేడాలు చాలావరకు పుట్టాయని నా అభిప్రాయం.

గ్రీన్‌విల్ ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. మిల్లులు మూతపడి, షాపింగ్ మాల్స్ ఊరి బయటికి వెళ్లిపోయాక మెయిన్ స్ట్రీట్ సాయంత్రానికల్లా ఖాళీ అయ్యేది. దాన్ని బాగు చేసే పని వైట్‌కు రెండు దశాబ్దాల ముందే మొదలుపెట్టినవారు మాక్స్ హెల్లర్. 1938లో నాజీల నుంచి తప్పించుకుని వియన్నా వదిలి వచ్చి, గ్రీన్‌విల్‌లో చొక్కాల ఫ్యాక్టరీలో పని చేసి, తర్వాత సొంత ఫ్యాక్టరీ పెట్టుకుని, 1971 నుంచి 1979 వరకు మేయరుగా ఉన్న యూదుడు ఆయన. నాలుగు లైన్ల మెయిన్ స్ట్రీట్‌ను రెండు లైన్లకు కుదించి, నడకదారులు వెడల్పు చేసి, వరసగా చెట్లు నాటించారు. కార్ల కోసం రోడ్లు వెడల్పు చేయడమే అభివృద్ధి అనుకుంటున్న రోజుల్లో రోడ్డును సన్నం చేయడానికి ఎంత గుండెధైర్యం కావాలో, మన ఊళ్లలో రోడ్డు విస్తరణ గొడవలు చూసినవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ వీధి పైచివర 1982లో హయత్ హోటల్, కింది వైపు 1990లో పీస్ సెంటర్ కళావేదిక వచ్చాయి. రెండింటిలోనూ ప్రభుత్వ ధనం, ప్రైవేటు ధనం కలిశాయి.

వైట్ వచ్చాక తలకెత్తుకున్న పని ఒక వంతెనను కూలగొట్టడం. రీడీ నది ఊరి నడిబొడ్డున బండల మీదుగా జారి జలపాతమవుతుంది. మిల్లుల కాలంలో అద్దకపు నీళ్లు కలిసిన ఆ నదిని ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా ఆ జలపాతం మీదే 1960లో నాలుగు లైన్ల క్యాంపర్‌డౌన్ వంతెన కట్టేశారు. చాలామంది నగరవాసులకు కింద జలపాతం ఉందన్న సంగతే తెలియని స్థితి. స్థానిక గార్డెన్ క్లబ్ మహిళలు 1960ల చివరి నుంచే అక్కడ పొదలు నరికించి, చెత్త ఏరించి, ఆ చోటును కాపాడుతూ వచ్చారు. వంతెన రాష్ట్ర రహదారుల శాఖది కాబట్టి దాన్ని ముందు నగరం చేతికి తెచ్చుకోవాలి. పనికొచ్చే వంతెనను పడగొడితే ట్రాఫిక్ ఏమవుతుందని అడిగేవారికి జవాబు చెప్పాలి. ఈ ఒప్పించే పనికే ఏళ్లు పట్టింది. చివరకు 2002లో వంతెన పోయింది, 2004లో ఫాల్స్ పార్క్ తెరుచుకుంది. 355 అడుగుల పొడవున, ఒకవైపు మాత్రమే తీగలతో వేలాడుతూ, జలపాతం వైపు వంపు తిరిగిన లిబర్టీ బ్రిడ్జ్ మీద నడిచేవారికి పాదాల కిందే నీటి హోరు వినిపిస్తుంది. పార్కుకూ వంతెనకూ కలిపి దాదాపు 1.3 కోట్ల డాలర్లు ఖర్చయింది. హోటళ్లలో తిండి, పానీయాల మీద వసూలు చేసే 2 శాతం పన్ను దీనికి ఆధారమైంది. అంటే ఊరు చూడటానికి వచ్చి భోంచేసినవారు కూడా పార్కు ఖర్చులో పాలు పంచుకున్నారన్నమాట. పార్కు వచ్చాక నది ఒడ్డున అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, హోటళ్లు ప్రైవేటు డబ్బుతో లేచాయి.

కార్మెల్ పరిస్థితి మొదటి నుంచీ వేరు. అక్కడ పునరుద్ధరించడానికి పాత నగరమంటూ పెద్దగా లేదు. 1990లో 25 వేల జనాభా ఉన్న శివారు పట్టణమది. సరైన మెయిన్ స్ట్రీట్ కూడా కట్టుకోవలసిందే. బ్రెయినార్డ్ కట్టారు. మెయిన్ స్ట్రీట్ చుట్టూ కళల వీధి, పాత రైలు మార్గం మీద వచ్చిన మోనన్ నడకదారిని ఆనుకుని అంతస్తుల ఇళ్లు, 2011లో సుమారు 12 కోట్ల డాలర్లతో 1,600 సీట్ల పల్లాడియం సంగీత మందిరం, వీటన్నిటినీ కలుపుతూ 150కి పైగా రౌండ్ అబౌట్లు వెలిశాయి. జనాభా 2020 నాటికి 99,757కు చేరింది. చుట్టుపక్కల ప్రాంతాలను నగరంలో కలుపుకోవడం వల్ల వచ్చిన పెరుగుదల కూడా ఇందులో ఉంది.

రౌండ్ అబౌట్ల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే కార్మెల్ నుంచి ఎవరైనా నేర్చుకోదగ్గ మొదటి పాఠం అదే. మనం సర్కిల్ అని పిలిచే చోట మధ్యలో విగ్రహం, పక్కన సిగ్నలు, ఎండలో ట్రాఫిక్ పోలీసు ఉంటారు. కార్మెల్ రౌండ్ అబౌట్‌లో సిగ్నలూ లేదు, పోలీసూ లేదు. లోపల తిరుగుతున్న బండికే ముందు దారి అన్న ఒక్క నియమం మీద వాహనాలు వేగం తగ్గించి కలిసిపోతాయి. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు ఒకదానితో ఒకటి తగిలే చోట్లు 32 ఉంటే, ఒక లైను రౌండ్ అబౌట్‌లో అవి 8. అడ్డంగా వచ్చి గుద్దే ప్రమాదానికి ఆస్కారమే లేనట్టు అవుతుంది కాబట్టి ప్రాణనష్టం తగ్గుతుంది. కరెంటు పోయినా కూడలి ఆగదు. బ్రెయినార్డ్ ఇంగ్లండులో చదువుకున్నప్పుడు వీటిని చూసి, 1990ల చివర్లో మొదటిది కట్టించారు.

అయితే ఇవన్నీ ఏ డబ్బుతో కట్టారన్నది అసలు ప్రశ్న. ఇండియానాలో ఆస్తి పన్నుకు పరిమితి ఉంది: యజమాని నివసించే ఇంటి విలువలో 1 శాతం, అద్దె ఇళ్లకు 2 శాతం, వ్యాపార భవనాలకు 3 శాతం మించకూడదని 2010లో రాజ్యాంగంలోనే చేర్చారు. ఇళ్లతోనే నిండిన శివారుకు ఈ లెక్కలో మనుగడ కష్టం. ఆఫీసులు, దుకాణాలు, అంతస్తుల భవనాలు తెచ్చుకోకపోతే రోడ్డు మరమ్మతులకు కూడా డబ్బు చాలదు. వాటిని రప్పించడానికి బ్రెయినార్డ్ వాడిన పనిముట్టు, పెరగబోయే పన్నును చూపించి ఇప్పుడే అప్పు తేవడం. ఊహకు ఒక లెక్క చెప్పుకుందాం. పాడుబడిన ఒక స్థలం ఏడాదికి లక్ష డాలర్ల పన్ను కడుతోంది, కొత్త భవనం లేస్తే ఆరు లక్షలు కడుతుంది. పాత లక్ష యథాప్రకారం పాఠశాలలకు, మిగతా సంస్థలకు వెళ్తుంది. పెరిగిన ఐదు లక్షలు ఆ భవనం కోసం వేసిన రోడ్డు, పార్కింగ్ నిమిత్తం అమ్మిన బాండ్లను తీరుస్తాయి. భవనం అనుకున్నట్టు లేస్తే ఎవరికీ నష్టం లేదు. అది లేవడం ఆలస్యమైనా, అప్పు అంచనాను దాటినా భారం ఊరి మీద పడుతుంది. కార్మెల్‌లో ఆ ముప్పు కాగితానికే పరిమితం కాలేదు. ఇలాంటి పనులు చూసే నగర సంస్థ అయిన పునరభివృద్ధి కమిషన్ చేసిన అప్పుల్లో దాదాపు 19.5 కోట్ల డాలర్లను 2012లో కౌన్సిల్ నగరం పూచీకత్తుతో తిరగరాయవలసి వచ్చింది. కమిషన్ ఖర్చుల మీద ఆ తర్వాత కౌన్సిల్ పట్టు బిగించింది.

నగరం ఎగవేతదారు కాలేదు, పన్ను రేటు కూడా రాష్ట్రంలో తక్కువ ఉన్నవాటిలో ఒకటిగానే కొనసాగింది. అందువల్ల బ్రెయినార్డ్ జూదం ఆడారని, కానీ గెలిచారని చెప్పడం న్యాయం. గెలవడానికి కారణం మాత్రం ఆయన ఒక్కడి తెలివి కాదు. పక్కనే ఇండియానాపొలిస్ ఉంది. చదువుకున్న, జీతం బాగా వచ్చే కుటుంబాలు మంచి బడుల కోసం అప్పటికే అటు జరుగుతున్నాయి. అక్కడ స్థిరపడిన భారతీయుల్లో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి, వారిని రప్పించినవి బడులూ ఉద్యోగాలే తప్ప సంగీత మందిరం కాదని నాకు గట్టి నమ్మకం. ఆదాయం తప్పక పెరిగే చోట పెరగబోయే ఆదాయాన్ని చూపి అప్పు తేవడం సులువు. అదే పని మిల్లులు మూసుకుపోయిన ఊళ్లో చేస్తే ఏమయ్యేదో ఊహించవచ్చు.

గ్రీన్‌విల్ లెక్కలోనూ ఇలాంటి దిద్దుబాటు అవసరం. పక్కనున్న గ్రీర్ దగ్గర బీఎండబ్ల్యూ కర్మాగారం ప్రకటన 1992లో వచ్చింది, వైట్ మేయరు కావడానికి మూడేళ్ల ముందు. అది రాష్ట్ర ప్రభుత్వం సాధించిన పని. టైర్ల కంపెనీ మిషెలిన్ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం కూడా ఆయన కంటే ముందే ఆ ఊరికి వచ్చింది. ఉద్యోగాలు బయటి నుంచి వచ్చాయి. ఆ ఉద్యోగులు సాయంత్రం గడపడానికి, కొందరు నివసించడానికి కూడా, తగిన ఊరును మేయర్లు తయారు చేశారు. ఆ తయారీ ఎంత నెమ్మదిగా ఫలించిందో జనాభా లెక్కలే చెబుతాయి. 1970లో 61,208 ఉన్న జనాభా 2000 నాటికి 56,002కు పడిపోయింది. హెల్లర్ నాటించిన చెట్లు పెద్దవై నీడనిచ్చాక గానీ ఊరు మళ్లీ పెరగలేదు. 2020లో 70,720కి చేరింది. ఐదేళ్ల పదవిలో ఫలితం చూపించాలనుకునే నాయకుడికి ఈ దారి రుచించదు.

ఖర్చు పెట్టే తీరులో ఇద్దరి మధ్య తేడా చూడాలంటే రెండు చిన్న విషయాలు చాలు. గ్రీన్‌విల్ మెయిన్ స్ట్రీట్‌లో గోడల మూలల్లో, మెట్ల పక్కన తొమ్మిది కంచు చిట్టెలుకలు దాగి ఉంటాయి. ఒక హైస్కూలు విద్యార్థి ఆలోచన అది. పిల్లలు వాటిని వెతుక్కుంటూ వీధి మొత్తం నడుస్తారు, వెంట నడిచే తల్లిదండ్రులు దారిలో ఏదో ఒకటి కొంటారు. కార్మెల్ కూడా పిల్లల కోసమే లక్షల డాలర్లు పోసి టొరంటో నుంచి ఒక పురాతన రంగులరాట్నం తెప్పించాలనుకుంది. పౌరులు సంతకాల సేకరణ మొదలుపెట్టాక వెనక్కి తగ్గింది. అడిగేవారు లేకపోతే బలమైన మేయరు ఎంత దూరం వెళ్లగలరో ఈ రాట్నం చూపించింది. అడిగితే ఆగుతారని కూడా చూపించింది. బాధ్యుడు ఎవరో కార్మెల్ ఓటరుకు స్పష్టంగా తెలుసు, ఈ విషయంలో ఆ పద్ధతిదే పైచేయి. గ్రీన్‌విల్‌లో మేయరు, కౌన్సిల్, మేనేజర్ ముగ్గురిలో ఎవరిని నిలదీయాలన్నది సామాన్యుడికి అంత తేలికగా తెలియదు.

మన రాష్ట్రాల నగరాలకు ఈ పోలిక అలాగే అతకదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మేయరు కార్పొరేటర్ల మధ్య నుంచి ఎన్నికవుతారు, పాలన కమిషనర్ చేతిలో ఉంటుంది. చూడటానికి గ్రీన్‌విల్ పద్ధతిలా ఉన్నా, అక్కడి మేనేజర్‌ను నియమించేదీ తీసేసేదీ కౌన్సిల్. మన కమిషనర్‌ను పంపేది రాష్ట్ర ప్రభుత్వం. పైగా మేయరు పదవికి రిజర్వేషన్ మారుతూ ఉంటుంది కాబట్టి ఒకే మనిషికి ముప్పై ఏళ్ల ఓపికకు అవకాశం దాదాపు ఉండదు. విశాఖపట్నం కార్పొరేషన్ 2018లో 80 కోట్ల రూపాయల బాండ్లు అమ్మినట్టు అప్పు తేవడం నేర్చుకోవచ్చు గానీ, తీర్చే ఆదాయం మీద పట్టు లేనిదే కార్మెల్‌ను అనుకరించడం ప్రమాదం.

ఈ కారణాలన్నిటి వల్ల, పక్కన ధనిక మహానగరం లేని మామూలు చిన్న నగరానికి గ్రీన్‌విల్ దారే మేలని నేను తేలుస్తాను. కార్మెల్ నుంచి రౌండ్ అబౌట్లను మాత్రం నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చు. కానీ ఎదుగుదల ఎవరికి దక్కిందన్న ప్రశ్న దగ్గర గ్రీన్‌విల్ కూడా తడబడింది. ఊరి అందం పెరిగేకొద్దీ ఇళ్ల ధరలు పెరిగి, 2000లో మూడో వంతు దాకా ఉన్న నల్లజాతివారి వాటా 2020కి నాలుగో వంతు కంటే కిందికి వచ్చింది. వేర్పాటు విధానం ఉన్న రోజుల్లో నల్లపిల్లలకు విడిగా కేటాయించిన పార్కు, తర్వాత చెత్త కాల్చే కేంద్రం ఉన్న పడమటి లోతట్టులో 2022లో 60 ఎకరాల యూనిటీ పార్క్ తెరిచారు. ఈసారి పార్కుతో పాటే చుట్టూ కొంత నగర భూమిని అందుబాటు ధర ఇళ్ల కోసం పక్కన పెట్టారు. ఫాల్స్ పార్క్ కట్టిన రోజున ఆ జాగ్రత్త తీసుకోలేదు. కార్మెల్‌లో కొత్త మేయర్ స్యూ ఫింకమ్ కూడా 2024లో పదవిలోకి వచ్చిన వెంటనే ఇళ్ల సమస్యపైనే ఒక కార్యబృందాన్ని వేయాల్సి వచ్చింది.